రాత్రి రేడియో పిచ్చి అని నవ్వేవాళ్లకు

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిక ఉంటే చదవండి, లేకపోతే రేపు చదవండి. చదవకుండా చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టకండి.

మన గ్రూపులో కొన్నాళ్లుగా ఒక ఎగతాళి నడుస్తా ఉంది. "ఈ కాలంలో కూడా రాత్రి మేడమీద కూర్చుని రేడియో తిప్పుకునే పెద్దమనుషులకు ఇంట్లో పని చెప్పేవాళ్లు లేరా?" అని ఒకరు రాస్తే దాని కింద పదిమంది నవ్వినారు. ఆ పెద్దమనుషులం మేమే. సంఘంలో అయిదారుగురం ఉన్నాం. నవ్వితే నవ్వండి, మాకేం బాధ లేదు. పోయిన సమావేశంలో జరిగింది మాత్రం వేరే. పిల్లల చెవిలో తెలుగు ఎట్లా వేద్దాం అని చర్చ వచ్చినప్పుడు, నెలకు ఒక రాత్రి సంఘం మేడమీద రేడియో పెడదాం అని మేము అడిగినాం. "యాప్‌లో విజయవాడ, హైదరాబాదు అన్నీ వస్తాయి. గరగర వినడానికి పిల్లలను పిలవాలా?" అన్నారు. అక్కడితో మాట ఉగాది కచేరీకి, ఫ్లెక్సు బోర్డులో ఎవరి ఫోటో ఎంత పెద్దది అనే దానికి పోయింది. మేము డబ్బు అడగలేదు. మేడ తాళంచెవి అడిగినాం.

అందుకే ఇది రాస్తా ఉన్నాం. రాత్రి దూరపు కేంద్రాలను పట్టుకోవడం ముసలివాళ్ల కాలక్షేపం అని మీరు అనుకుంటా ఉన్నారు. తెలుగు రాష్ట్రాలకు అవతల కూడా తెలుగు వినేవాళ్లు ఉన్నారని ఆకాశవాణికి కాగితం మీద చూపించడానికి మన చేతిలో ఉన్న సాక్ష్యం అదే అని మేము అంటా ఉన్నాం. ఆ సాక్ష్యం చెప్పడానికి ఇంకా ఎన్నేళ్లు వీలుంటుందో చెప్పలేం.

ముందు తెలియనివాళ్లకు సంగతి చెప్పాలి. పాత రేడియోలో ఎఫ్ఎం పక్కన ఎఎం అనో ఎండబ్ల్యూ అనో ఒక మీట ఉంటుంది. అది మీడియం వేవ్. పగలు ఆ అలలు నేలను అంటుకుని కొంత దూరం పోయి ఆగిపోతాయి. పైకి పోయినవి తిరిగి రావు. ఎండ ఉన్నంతసేపు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డి పొర అని ఒకటి ఉంటుంది, అది వాటిని మింగేస్తుంది. పొద్దు గుంకితే ఆ పొర పోతుంది. అప్పుడు అలలు ఇంకా పైకి పోయి, 100 కిలోమీటర్లు దాటిన పొరలకు తగిలి వంగి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. అంతే. మంత్రం ఏమీ లేదు.

మా కోయంబత్తూరులో పగలు తిప్పితే 999లో మన ఊరి కేంద్రం, 936లో తిరుచ్చి. పొద్దు గుంకి చీకటి పడినాక అదే రేడియో, అదే బ్యాటరీ, 900లో కడప, 837లో విజయవాడ, 738లో హైదరాబాదు. పటం మీద సూటిగా కొలిస్తే మనకు కడప 400 కిలోమీటర్ల పైనే, విజయవాడా హైదరాబాదూ చెరి 700 పైన, విశాఖ ఇంచుమించు 1000. మధ్యలో తీగ లేదు, టవరు లేదు, నెల రీచార్జి లేదు. చలికాలం రాత్రులు పొడుగు, ఉరుములు తక్కువ. కాబట్టి మార్గళిలో బాగా వస్తుంది. ఐప్పసిలో మెరుపు మెరిస్తే చాలు, చెవిలో పేలాలు వేగుతాయి.

విశాఖ కథ వేరే. అది 927. తిరుచ్చి 936. మీడియం వేవ్‌లో కేంద్రానికీ కేంద్రానికీ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం అని 1978 నుంచి మన వైపు దేశాలన్నీ పాటించే లెక్క. అందుకే ఈ అంకెలన్నీ 9తో తెగుతాయి, భాగించి చూడండి. అంటే విశాఖ, తిరుచ్చి పక్కపక్క ఇళ్లు. తిరుచ్చి 100 కిలోవాట్ల కేంద్రం, మనకు 200 కిలోమీటర్ల లోపలే. అది గట్టిగా మాట్లాడతా ఉంటే 1000 కిలోమీటర్ల అవతలి విశాఖ ఎట్లా వినబడుతుంది? దానికి ఒక ఉపాయం ఉంది. రేడియో లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఒకటి ఉంటుంది, ఎక్కువ సెట్లలో పెట్టె పొడుగునా. ఆ కడ్డీ కొన ఏ దిక్కు చూస్తే ఆ దిక్కు కేంద్రం సన్నబడుతుంది. తిరుచ్చి మనకు నేరుగా తూర్పు. కాబట్టి పెట్టెను తూర్పు పడమరలుగా పెట్టాలి. తిరుచ్చి పూర్తిగా పోదు, సన్నబడుతుంది. అప్పుడు ఈశాన్యం నుంచి విశాఖ మెల్లగా బయటికి వస్తుంది. ఒకసారి మా మనవరాలి వయసు పిల్లకు దీన్ని చూపించినాం. ఆ పిల్ల పెట్టెను తిప్పతా తిప్పతా "తాతా, తిరుచ్చి తలుపు వేసేసినాను" అనింది. కమిటీవాళ్లు చెప్పండి, ఏ యాప్‌లో ఈ పని ఉంది?

ఇక దీనికీ మనకూ ఉన్న సంబంధం. కొత్తవాళ్లు, ముఖ్యంగా నలభై ఏళ్ల లోపువాళ్లు, ఇది తెలుసుకోవాలి.

1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. మధ్యలో పదేళ్లు ఆకాశవాణి తెలుగుకు ఊరు మద్రాసే. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల చేత తెలుగులో ఆటలు, పాటలు, నాటకాలు ఆడించింది మొదట మద్రాసులోనే. 1956లో రాష్ట్రాలు ఏర్పడినాక వాళ్లు హైదరాబాదుకు పోయినారు. వాళ్లను తప్పు పట్టడం లేదు. రాష్ట్రం ఎక్కడ ఉంటే పని అక్కడ. తెలుగు రేడియో అటు పోయింది. మనం ఇక్కడే ఉన్నాం. నాయకర్ల కాలంలో వచ్చినవాళ్లం, అంతకు ముందు వచ్చినవాళ్లం, మగ్గాలతో వచ్చినవాళ్లం, బావులు తవ్వడానికి వచ్చినవాళ్లం, ఎవరమూ మూట కట్టుకుని పోలేదు. అప్పటినుంచి మనకూ తెలుగు రేడియోకూ మధ్య ఉన్నది రాత్రి ఆకాశం.

ఒకటి చెప్తే ఈ దూరం ఎట్లాంటిదో అర్థమవుతుంది. విజయవాడ నుంచి ఉషశ్రీ గారి ధర్మసందేహాలు వచ్చే కాలంలో, అటువైపు చుట్టాలు పెళ్లిళ్లకు వచ్చినప్పుడు ఆయన గొంతు గురించే మాట్లాడేవాళ్లు. వీధిలో నడిచిపోతా ఉంటే ప్రతి ఇంట్లోనూ ఆయనే వినిపిస్తాడు అనేవాళ్లు. మనకు అది అందలేదు. ఎందుకంటే అది ఆదివారం పగటిపూట. పగలు 837 మన ఊరికి రాదు. మనకు వచ్చింది రాత్రి కార్యక్రమాలు. నాటకాలు, సంగీత కచేరీలు, పల్లెపదాలు, వార్తలు. విజయవాడవాళ్ల పగలు మనకు తెలియదు, వాళ్ల రాత్రి మాత్రం మనకు బాగా తెలుసు. తెలుగు సినిమా పాటలకు కొలంబో పట్టేవాళ్లం. అది షార్ట్ వేవ్. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు విన్నవాళ్లు ఇంకా మన సంఘంలో ఉన్నారు, అడగండి. సింహళ దేశం నుంచి తెలుగు వస్తే మూడు జిల్లాలవాళ్లు చెవులు పెట్టి విన్నారు. గరగర ఎవరికీ అడ్డం రాలేదు.

మేము చదివింది తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు రాకముందే తెలుగు వార్తలు అర్థమయ్యేవి, రేడియో పుణ్యమే. ఢిల్లీ నుంచి "ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది అద్దంకి మన్నార్" అని వినిపిస్తే ఇంట్లో అందరూ నోరు మూసుకోవాలి. అల్పపీడనం అనే మాట మాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. బడిలో మేము చదివింది "కాట్రళుత్త తాళ్వు". రాత్రి రేడియోలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని విని, ఓహో ఇదీ అదీ ఒకటే అని మేమే కలుపుకున్నాం. జలాశయం, శాసనసభ, గిట్టుబాటు ధర, ఇవన్నీ అట్లా చెవిలోనుంచి వచ్చిన మాటలే. ఇంట్లో మన ముత్తాతలు తెచ్చిన తెలుగు ఉంది, వంటకీ పొలానికీ పోట్లాటకీ చాలినంత ఉంది. అది తక్కువ తెలుగు అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. అయితే దాంట్లో శాసనసభ లేదు. ఒక భాషలో పెద్ద విషయాలు మాట్లాడుకోవడం ఎట్లా అని విన్నవాడికే ఆ భాషలో మాట్లాడే ధైర్యం వస్తుంది. మన పిల్లలు తెలుగులో అత్త, మామ, అన్నం, నీళ్లు దాటి మాట్లాడలేరని మీరే కదా ప్రతి సమావేశంలో బాధపడతారు?

ఇప్పుడు వాళ్ల పరిస్థితి మా కంటే ఇబ్బంది. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతిలో మొదలై ఏడాదికి ఒక తరగతి ఎక్కుతా 2016 నాటికి పదో తరగతికి వచ్చింది. తమిళం నేర్చుకోవడం మీద మాకు తగాదా లేదు, తమిళం మాకు అన్నం పెట్టిన భాష. కాని తెలుగు చదివే బెంచీలు ఏటేటా ఖాళీ అయినాయి అనేది మీ అందరికీ తెలిసిందే. కంటికి తెలుగు తగ్గినప్పుడు చెవికైనా ఎక్కువ పెట్టాలి కదా. అందుకే మేడ తాళంచెవి అడిగినాం.

యాప్ సంగతికి వస్తాం. యాప్ మీద మాకు కోపం లేదు. ఆకాశవాణి యాప్ మా ఫోన్లలో కూడా ఉంది. పగలు విజయవాడ వినాలంటే మనకు అదే దారి, గొంతు కూడా స్పష్టంగా ఉంటుంది. ఉషశ్రీ గారి కాలంలో అది ఉండి ఉంటే ఎంత బాగుండేది అని మేమే అనుకుంటాం. కాని "యాప్ ఉంది కదా, రేడియో ఎందుకు" అనేవాళ్లను ఒక్క మాట అడగాలి. మీ ఫోనులో ఆ యాప్ ఉందా? ఉంటే పోయిన నెలలో ఎన్ని నిమిషాలు విన్నారు? మొన్న సమావేశంలో ఈ మాట అడిగితే చెయ్యి ఎత్తినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ మేడమీద మాతో కూర్చునేవాళ్లే. యాప్ ఉంది అనేది వినకపోవడానికి మనం చెప్పుకునే సాకు అయిపోయింది. ఫోను చేతిలోకి తీసుకుంటే విజయవాడ కంటే ముందు వంద పిలుస్తాయి. రేడియో పెట్టె ముందు కూర్చుంటే ఏది వస్తే అది వినాలి. నాటకం వస్తే నాటకం, రైతుల కార్యక్రమం వస్తే రైతుల కార్యక్రమం. మనకు నచ్చింది మాత్రమే వినడం అలవాటైన పిల్లలకు, ఎదుటివాడు చెప్పేది వినడం కూడా నేర్పాలి.

ఇంకొకటి. 2015 డిసెంబరులో మద్రాసులో వరదలు వచ్చినప్పుడు ఏమైందో మరిచిపోయినారా? ఎన్నో పేటల్లో కరెంటు లేదు, ఫోను టవర్లు మూగబోయినాయి. ఇక్కడినుంచి మన పిల్లలకు ఫోను చేస్తే రెండు రోజులు దొరకలేదు. మీడియం వేవ్ రేడియోకు కావలసింది రెండు బ్యాటరీలు. అటు కేంద్రంలో జనరేటరు తిరుగుతా ఉంటే చాలు, మధ్యలో ఎన్ని టవర్లు పడిపోయినా పని లేదు. తుపాను తీరంలో పుట్టినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ఇక అసలు విషయం. మన దేశంలో పాత మీడియం వేవ్ యంత్రాలను ఒక్కొక్కటిగా ఆపేస్తా ఉన్నారు. వాళ్లు చెప్పే కారణాలు ఉత్తవి కావు. 100 కిలోవాట్ల యంత్రం నడపాలంటే కరెంటు బిల్లు మామూలుగా ఉండదు. పాత యంత్రాలకు సామాన్లు దొరకవు. స్తంభం చుట్టూ ఎకరాల లెక్కన భూమి కావాలి, ఊరు పెరిగి ఆ భూమి విలువ పెరిగిపోయింది. ఊళ్లో వినేవాళ్లు ఎఫ్ఎంకు పోయినారు. డీఆర్ఎం అనే డిజిటల్ పద్ధతిని 30కి పైగా మీడియం వేవ్ కేంద్రాల్లో పెట్టినారు గాని, దాన్ని వినే రేడియో కొందామని అంగడికి పోతే దొరకదు. కొన్ని కొత్త కార్లలో ఉంది. కారు కొనుక్కుని విజయవాడ వినాలి అన్నమాట.

ఈ లెక్కలో మనం ఎక్కడ ఉన్నాం? ఒక కేంద్రం ఎవరికోసం అని లెక్క వేసేటప్పుడు దాని చుట్టూ పగలు బాగా వినిపించే జిల్లాలను చూస్తారు. ఆ జిల్లాలవాళ్లకు ఎఫ్ఎం వచ్చింది కాబట్టి మీడియం వేవ్ అక్కరలేదు అంటారు. వాళ్ల వరకు అది న్యాయమే. కాని ఎఫ్ఎం కంటికి కనిపించేంత దూరమే పోతుంది. స్తంభం ఎంత ఎత్తు ఉన్నా విజయవాడ ఎఫ్ఎం కోయంబత్తూరుకు ఏ రాత్రీ రాదు. రాత్రి 837ను బరువు లేని అలల మీద 700 కిలోమీటర్ల అవతల వినేవాడి పేరు ఏ కాగితంలో ఉంది? ఎక్కడా లేదు. సోలాపూరులో, భివాండీలో మగ్గాల పేటల్లో ఉన్న పద్మశాలీలకు హైదరాబాదు 738, బరంపురం, రాయగడ వైపు మనవాళ్లకు విశాఖ 927, హోసూరు, కోలారు, బళ్లారి వైపువాళ్లకు కడప 900. వీళ్లందరినీ కలిపితే ఒక చిన్న రాష్ట్రం అంత ఉంటాం. కాని ఒక్కరం కూడా "మేము వింటా ఉన్నాం" అని కార్డు ముక్క రాయం. రేపు 837 ఆగిపోతే ఫేసుబుక్కులో దండ వేసిన రేడియో బొమ్మ పెట్టి, ఏడుపు గుర్తులు పెట్టి, మన బాల్యం పోయింది అని రాస్తాం. రాయడానికి అప్పుడు వచ్చే చెయ్యి ఇప్పుడు ఎందుకు రాదు?

దూరపు కేంద్రాలు పట్టేవాళ్లకు ప్రపంచమంతా ఒక ఆచారం ఉంది. విన్న కేంద్రానికి రిపోర్టు రాస్తారు. తేదీ, సమయం, ఎన్ని కిలోహెర్ట్జ్, ఏ ఊళ్లో విన్నారు, ఎట్లాంటి సెట్టు. ఒక పావుగంటకు తక్కువ కాకుండా ఏమేమి విన్నారో వరసగా రాయాలి, అది నిజంగా విన్నాడని వాళ్లు సరిచూసుకోవడానికి. గొంతు ఎంత బలంగా ఉంది, పక్క కేంద్రం ఎంత అడ్డం వచ్చింది, గరగర ఎంత, ఎగుడుదిగుడు ఎంత, మొత్తం మీద ఎంత అని అయిదు అంకెలు వేస్తారు. దాన్ని సిన్‌పో అంటారు. 5 అంటే బాగుంది, 1 అంటే లేదు. రిపోర్టు సరిగ్గా ఉంటే వాళ్లు "అవును, మీరు విన్నది మమ్మల్నే" అని ఒక కార్డు పంపుతారు. దాన్ని క్యూఎస్ఎల్ కార్డు అంటారు. ఆకాశవాణి కూడా ఇట్లాంటి కార్డులు పంపుతుంది. విదేశాలవాళ్లు మన కేంద్రాలు విని, రాసి, కార్డులు తెప్పించుకుని గోడకు పెట్టుకుంటారు. భాష ఒక్క ముక్క తెలియని జపాను మనిషి, ఫిన్లాండు మనిషి మన తెలుగు కేంద్రానికి రాస్తాడు. తెలుగు ఇంట్లో పుట్టిన మనం రాయం. ఇది సిగ్గు పడాల్సిన విషయం అని మేము అంటే పెద్దమాట అంటారా?

సమయం 24 గంటల లెక్కలో రాయాలి. ఉద్యోగంలో 21.40, 00.15 అని రాసి రాసి చేతికి అలవాటైన మాకు ఇది తేలిక, మిగతావాళ్లకు ఒక రోజులో వస్తుంది. బయటి దేశాల కేంద్రానికి రాసేటప్పుడు మన సమయంలోనుంచి అయిదున్నర గంటలు తీసేయాలి. మన కేంద్రాలకు ఇండియా సమయమే చాలు. తెలుగులోనే రాయండి. తప్పులున్నా ఫరవాలేదు. తమిళ లిపిలో తెలుగు రాసే మన పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్లు చెప్తే పిల్లలు రాయాలి. ఒక ఇంట్లో రెండు తరాలు కలిసి తెలుగులో ఒక పేజీ రాయడం ఎన్నాళ్లయింది చెప్పండి?

ఒక మాట మా చెవిన కూడా పడింది. "విజయవాడ, హైదరాబాదు అని ఎప్పుడూ అటే చూస్తే ఇక్కడివాళ్లు మనల్ని ఏమనుకుంటారు?" అని. ఈ భయం ఎందుకో మాకు తెలుసు, ఎన్నికలప్పుడు "వందేఱి" అనే మాట ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. కాని రాత్రి మేడమీదికి వచ్చి చూడండి. విజయవాడకు పోయేలోపల చెన్నై 720 దాటాలి, బెంగళూరు 612, త్రిశూరు 630 వింటా రావాలి, సిలోను పుత్తళం నుంచి 882 గట్టిగా అరుస్తా ఉంటుంది. తిరుచ్చి నాటకం బాగుంటే విశాఖను వదిలేసి అదే వింటాం. నాలుగు భాషలూ ఒకే ముల్లు మీద ఉంటాయి. ఎవరి ఇల్లు ఎవరూ ఆక్రమించరు, 9 కిలోహెర్ట్జ్ ఎడం ఎవరికి వాళ్లకు ఉంటుంది. దీన్ని చూసి ఎవరైనా తప్పు పడితే వాళ్లకు తాంబూలం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటాం.

గరగర గురించి చెప్పి ముగిస్తాం. మీరు గరగర అనేదాంట్లో సగం ఆకాశంది కాదు, మన ఇంటిదే. చవక ఎల్ఈడీ బల్బు, ఫోను చార్జరు, ఇన్వర్టరు, టీవీ పెట్టె, ఇవన్నీ మీడియం వేవ్‌లో రొద చేస్తాయి. ఒక్కసారి మెయిన్ ఆపి రేడియో పెట్టండి. "మా సెట్టు చెడిపోయింది" అన్నవాళ్ల సెట్లలో నాలుగింటికి మూడు చెడిపోలేదు, ఇల్లు చెడిపోయింది. అందుకే మేడ కావాలి అంటా ఉన్నాం. ఇంకా బాగా రావాలంటే రెండడుగుల చదరం చెక్క చట్రానికి పది పన్నెండు చుట్లు తీగ చుట్టి, పాత రేడియోలో ఉండే గ్యాంగ్ కండెన్సర్ ఒకటి తగిలిస్తే చాలు. రేడియోకు తీగ కలపనక్కరలేదు, పక్కన పెట్టి కండెన్సర్ తిప్పితే కేంద్రం ఒక్కసారిగా లేస్తుంది. పదో తరగతి పిల్లలు ఆదివారం పూట చేసేస్తారు. వడ్రంగి పని తెలిసిన తమ్ముళ్లు ఇద్దరు చట్రాలు చేసి ఇస్తామన్నారు, తీగ మేము తెస్తాం.

కమిటీకి మేము అడిగేది ఇది. వచ్చే నెల మొదటి శనివారం రాత్రి 7.30 నుంచి 10.30 దాకా సంఘం మేడ తాళంచెవి ఇవ్వండి, ఆ మూడు గంటలు మెట్ల దగ్గరి ఎల్ఈడీ బల్బులు ఆపనివ్వండి. ఆ రాత్రి వచ్చిన ప్రతి ఒక్కరూ విజయవాడకో, హైదరాబాదుకో, కడపకో, విశాఖకో ఒక రిపోర్టు రాసి పేరు, ఊరు వేసి సంతకం పెట్టాలి. పోస్టు ఖర్చు మాది. వాటితోపాటు మీడియం వేవ్ తెలుగు కేంద్రాలను ఆపవద్దని సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ప్రసార భారతికి పోవాలి. ముసాయిదా రాసి కార్యదర్శి గారికి ఇచ్చినాం, రెండు వారాలైంది, సంతకం కావాలి. సోలాపూరు, బరంపురం, హోసూరు, బళ్లారి సంఘాలవాళ్లు ఎవరైనా ఇది చదివితే మీరు కూడా అదే శనివారం పెట్టండి. ఒకే రాత్రి నాలుగు రాష్ట్రాలనుంచి రిపోర్టులు పోతే కేంద్రంలో ఒక్కరైనా తల ఎత్తి చూస్తారు.

రేడియో లేనివాళ్లు ఊరికే రండి, మా దగ్గర ఆరు సెట్లు ఉన్నాయి. పెద్దవాళ్లు శాలువా తెచ్చుకోండి, మేడమీద గాలి ఎక్కువ. పిల్లలకు చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి పంపండి. ఫోనులు కింద గదిలో పెట్టిపోవాలి, చార్జరుకు తగిలించకుండా.